వ్యాధితరాజు, నవరాజు: కౌటిల్యుని తీర్పునకు యెరూషలేము నిదర్శనము

మహాభారతము ఉద్యోగపర్వమున దేవాపి వృత్తాంత మొకటి కలదు. ప్రతీపమహారాజునకు మువ్వురు కొడుకులు: దేవాపి, బాహ్లికుఁడు, శంతనుఁడు. జ్యేష్ఠుఁడగు దేవాపి ధర్మజ్ఞుఁడు, సత్యవాది, పౌరజానపదులకు మిక్కిలి ప్రీతిపాత్రుఁడు. కాని త్వగ్దోషి. వృద్ధుఁడైన తండ్రి యతని యభిషేకమునకు సంభారములన్నియుఁ గూర్పఁగా, బ్రాహ్మణులును వృద్ధులును పౌరజానపదులతోఁ గూడి వచ్చి, హీనాంగుఁడగు ఱేనిని దేవతలు మెచ్చరని యడ్డగించిరి. తండ్రి కన్నీరు విడిచెను. కొడు కడవికిఁ బోయెను. శంతనుఁడు రాజయ్యెను. యాస్కుఁడు నిరుక్తమున ఈ కథకే మఱియొక కొసను జూపినాఁడు. అన్న యుండఁగాఁ దమ్ముఁడు పట్టము గట్టుకొనుటచే శంతనుని రాజ్యమునఁ బండ్రెండేండ్లు వాన కురియలేదఁట.

లోఁగడ మోతె గ్రామమున నొక పాఠశాలపండితునితో ఈ ఘట్టమును గూర్చి ముచ్చటించుచుండఁగా ఆయన యొక ప్రశ్న వేసిరి. "దేవాపికిఁ బట్టము గట్టియుండినచో రాజ్యమేమై యుండును? రోగియగు రాజు దేశమును గాపాడఁగలఁడా, లేఁడా? శాస్త్రములు వల దన్నవి. పరీక్షించి చూచినవా రెవరు?" అని యాయన యనిరి. ఈ ప్రశ్నకు మన యితిహాసపురాణములలో నుత్తరము దొరకదు. ఏలయన, దేవాపి యడవికిఁ బోవుటతోనే పరీక్ష ముగిసినది. కాని పశ్చిమాసియా ఖండమున నా పరీక్ష జరిగినది. క్రీ.శ. 1174 మొదలు 1185 వఱకు యెరూషలేము నేలిన నాలుగవ బాల్డ్విను బాల్యమునందే కుష్ఠరోగము సోఁకినవాఁడు. ఫ్రాంకు లతని నడవికిఁ బంపలేదు, సింహాసనమునఁ గూర్చుండఁబెట్టిరి. ఆ చరిత్రమును మన రాజనీతిశాస్త్రముతోఁ బోల్చి చూచి, పండితునిగారి ప్రశ్నకు యథాశక్తి నుత్తరము చెప్పుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

శాస్త్రముల మాట

మనుయాజ్ఞవల్క్యాది స్మృతులలో దాయవిభాగప్రకరణమున అంధుఁడు, పంగువు, ఉన్మత్తుఁడు, అచికిత్స్యరోగి మున్నగువారికి భాగము లేదనియు, వారిని గ్రాసవాసములిచ్చి పోషింపవలయుననియుఁ జెప్పఁబడినది. మిడతల మేఘమువలె వచ్చిన విదేశధర్మములకు ముందే, పదుమూఁడవ శతాబ్దిలో కేతన తన విజ్ఞానేశ్వరీయమున మితాక్షరను దెనిఁగించి ఈ న్యాయమును ఆంధ్రులకు సుబోధ మొనర్చినాఁడు. ధృతరాష్ట్రుఁ డంధుఁడగుటచేఁ బాండురాజునకు రాజ్యము వచ్చుటయు ఈ న్యాయమునకే లక్ష్యము. కావున ధర్మశాస్త్రపక్షమున సిద్ధాంతము స్పష్టము: వ్యాధితుఁడు పోషింపఁదగినవాఁడు, ఏలఁదగినవాఁడు కాఁడు.

అర్థశాస్త్రపక్ష మట్లు లేదు. మైసూరు శామశాస్త్రిగారు 1909లో ముద్రించి లోకమునకిచ్చిన కౌటిలీయమున, ఎనిమిదవ అధికరణము రెండవ అధ్యాయములో, రాజునకుఁ గలుగు వ్యసనములను దారతమ్యముతోఁ బరిశీలించుచు కౌటిల్యుఁ డొక విచిత్రమైన ప్రశ్న నెత్తుకొన్నాఁడు: వ్యాధితరాజు, నవరాజు, వీరిరువురిలో నెవనివలన రాజ్యమునకుఁ గీడు మెండు? పూర్వాచార్యులు వ్యాధితునివలననే యనిరి. రోగియైన రాజు అమాత్యుల చేతిలోఁ జిక్కి రాజ్యమునో ప్రాణమునో కోలుపోవును. క్రొత్తరాజన్ననో దానమానములచేతను పన్నుల మినహాయింపులచేతను ప్రజలను రంజింపఁజేయునని వారి హేతువు. కౌటిల్యుఁడు దీనిని ద్రోసివైచినాఁడు. వ్యాధితుఁడు పూర్వమునుండి నడచుచున్న రాజకార్యమును నడచినట్లే నడపించును. నవుఁడు బలముచేఁ జేకొన్న రాజ్యము నాదేయని నిరంకుశుఁడై మెలఁగును. లేదా తన్ను లేవనెత్తినవారి చేతిలోనివాఁడై, వారు రాజ్యమును జెఱచుచున్నను సహించును. ప్రజలలో వేరు పాతుకొననివాఁడు గావున సులభముగాఁ బెకలింపఁబడును. ఇది యాయన తీర్పు. దానికిఁ దోడు రెండు భేదములను గూడఁ జేర్చినాఁడు: వ్యాధితులలోఁ బాపరోగి, అపాపరోగి యనియు, నవులలో అభిజాతుఁడు, అనభిజాతుఁడనియు నెంచి చూడవలయునట.

శాస్త్రకారుఁడు హేతువును జూపెనే కాని కథ చెప్పలేదు. ఆయన తరువాత సుమారు వేయి యేండ్లకుఁ బైఁగా, ఆయన పేరైనను వినని దేశమున, వ్యాధితరాజు నొకనిని, వాని వెనువెంటనే నవరాజు నొకనిని, ఒకే శత్రువు నెదుట, ఒకే సైన్యముతో విధి నిలిపి చూచినది. పరీక్ష యింతకన్న నిష్కృష్టముగా నుండదు.

బాల్యము, రోగము

మొదటి శిలువయుద్ధమునఁ బాశ్చాత్యులు 1099 జూలై 15వ తేదీని యెరూషలేమును బట్టుకొని రాజ్యము స్థాపించిరి. ఆ రాజ్యమును 1163 మొదలేలినవాఁడు అమల్రికు. సరిగా ఆ యేఁటనే ఓరుగల్లుసీమలోఁ గాకతి రుద్రదేవుఁడు అనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనమును వేయించెను. అమల్రికునకు 1161లోఁ బుట్టిన కొడుకు బాల్డ్విను. పిల్లవానికిఁ జదువు చెప్పుటకు, తరువాత తూరు పట్టణమున కార్చిబిషప్పైన విలియము నియుక్తుఁడయ్యెను. మన కీ చరిత్ర నింత సూక్ష్మముగాఁ దెలిపినవాఁ డా గురువే.

రోగ మెట్లు బయటఁబడినదో విలియము వ్రాసిన రీతి గురువుల కందఱకును హృదయంగమము. దొరబిడ్డలు గుంపుగాఁ జేరి, ఎవరెక్కువ యోర్తురో చూతమని యొకరి చేతు లొకరు గోళ్లతో గ్రుచ్చుకొని యాడుచుండిరి. తక్కిన పిల్లలు కెవ్వుమనుచుండఁగా బాల్డ్విను మాత్రము కదలక మెదలక నిలిచెను. గురువు మొదట నది ధైర్యమనుకొనెను. పలుమాఱులు చూచిన పిమ్మట పిలిచి పరీక్షింపఁగా, కుడిచేయియు ముంజేయియు సగము స్పర్శ లేకయుండెను. ఓర్పనుకొన్నది తిమ్మిరి. రాజవైద్యులు లేపనములు, ఔషధములు ప్రయోగించిరి, ఫలము లేదు. అబూ సులైమాను దావూదను అరబ్బువైద్యుఁడు చికిత్స చేసెను. అబుల్ఖైరనువాఁడు రాకుమారునకు గుఱ్ఱపుస్వారి నేర్పెను. పట్టు తప్పిన చేతికిఁ గళ్లెము లొంగదు గావున, మోఁకాళ్లతోనే యశ్వమును నడుపుట యలవఱచుకొని, ఆ బాలుఁడు రౌతులలో మేటియయ్యెను.

1174 మే నెలలో దమస్కు ప్రభువు నూరుద్దీను మరణించెను. జూలై 11న అమల్రికు రక్తగ్రహణిచేఁ జనిపోయెను. నాలుగు దినములకు, అనఁగా యెరూషలేము చేజిక్కిన డెబ్బదియైదవ వార్షికదినమున, పదుమూఁడేండ్ల బాల్డ్వినునకుఁ బట్టాభిషేకమయ్యెను. ఈజిప్టునం దున్న సలాహుద్దీను ఆ సంవత్సరమే దమస్కును గూడఁ గైవసము చేసికొని, రాజ్యమునకు రెండు ప్రక్కల నుండియు శత్రువయ్యెను. రోగము కుష్ఠమేయని యప్పటికి నిశ్చయమైనదో లేదో వివాదాస్పదము. అనుమానము మాత్రము లేకపోలేదు. అయినను దొరలసభ యతనినే కోరెను. కొంతకాలము త్రిపోలి ప్రభువు రేమండు ప్రతినిధిగాఁ బాలించెను. 1176 జూలైలోఁ బదునైదేండ్లు నిండఁగానే రాజు స్వయముగాఁ బాలన చేకొనెను. విలియము మహాలేఖకుఁడై, 1175లో తూరు ఆర్చిబిషప్పయ్యెను.

మోంగిసార్డు మొదలు కెరకు వఱకు

1177 నవంబరులో సలాహుద్దీను గొప్పసేనతో ఈజిప్టునుండి దండెత్తి వచ్చెను. రాజ్యపు సైన్యములోఁ జాలభాగ ముత్తరమునకుఁ బోయియుండెను. పదునాఱేండ్ల రాజు కొద్దివందల రౌతులతో అష్కెలోను కోటఁ జేరెను. శత్రువు దీనిని జులుకనఁ జేసి, తన సేనను దోఁపిళ్లకై చెదరనిచ్చి యెరూషలేము దెసకు సాగెను. బాల్డ్విను కోట వెడలి టెంపులు సంఘపు యోధులను గలుపుకొని, నవంబరు 25వ తేదీని మోంగిసార్డు వద్ద శత్రువును హఠాత్తుగాఁ దాఁకెను. తాఁకుటకు ముందు గుఱ్ఱము దిగి, సేన ముందు నిలిపిన శిలువ యెదుట సాష్టాంగపడి కన్నీటితోఁ బ్రార్థించెనని చెప్పుదురు. సలాహుద్దీను సేన విఱిగిపోయెను. ఆయన యొంటెనెక్కి తప్పించుకొని ఈజిప్టు చేరెను.

అన్ని దినములును నట్లు లేవు. 1179 ఏప్రిలులో బానియాసు దగ్గఱ నరణ్యమున రాజు పొంచియున్న శత్రువుల చేతఁ జిక్కఁబోఁగా, వృద్ధసేనాపతి హంఫ్రీ యడ్డునిలిచి గాయములతో మడిసెను. జూన్ 10న మర్జ్ ఉయూను వద్ద నోటమి కలిగెను. గుఱ్ఱమునుండి పడిన రాజు తిరిగి యెక్కలేకపోఁగా, ఒక యోధుఁ డతనిని వీఁపున మోసికొని వెలుపలికిఁ దెచ్చెను. ఆగస్టులో యాకోబురేవునందుఁ గట్టించుచున్న క్రొత్తకోటను సలాహుద్దీను నేలమట్టము చేసెను. మఱుసటి యేఁడు రెండేండ్ల సంధి జరిగెను. మోంగిసార్డు నొక్కదానినే చెప్పి తక్కినవి దాఁచుట చరిత్రకుఁ దగదు.

ఇఁక రోగము విజృంభించెను. 1183 నాఁటికిఁ జూపు తగ్గెను. కాలుసేతులు వశము దప్పెను. ఆ వేసవిలో నజరేతున జ్వరము తగిలి మరణాసన్నుఁడు కాఁగా, తన యక్క సిబిల్లా భర్తయగు గై లూసిన్యానునకు రాజప్రతినిధిత్వ మిచ్చెను. కొద్ది నెలలకే మఱల తీసికొనెను. నవంబరులో సలాహుద్దీను యొర్దానుకావలి కెరకుకోటను ముట్టడించెను. కోటలో నప్పుడు రాజుగారి చిన్నచెల్లెలు ఇసబెల్లా వివాహము. గ్రుడ్డివాఁడై, నడువలేనివాఁడై, ఇరువదిరెండేండ్ల రాజు దోలిలోఁ బరుండి సేన వెంటఁ గదలెను. రాజసైన్యము వచ్చుచున్నదని విని డిసెంబరు 4న శత్రువు ముట్టడి యెత్తివైచి పోయెను. కత్తి దూయవలసిన పని లేకపోయెను. నా మతమున మోంగిసార్డుకన్న ఈ కెరకుప్రయాణమే మన ప్రశ్న కెక్కువ యుపకరించును. మోంగిసార్డునఁ గెలిచినది యౌవనము. కెరకునఁ గెలిచినది రాజత్వము.

ఇచట నొక్క మాట. ఇటీవలి చలనచిత్రములఁ జూచినవా రీ రాజు వెండిముసుఁగు ధరించెనని నమ్ముచున్నారు. విలియము గ్రంథమున నట్టి ముసుఁగు ప్రసక్తి లేదు. ముఖము వికారమయ్యెననియుఁ జూచువారు కనికరపడిరనియు మాత్రమే యున్నది.

సప్తాంగములతోఁ బరీక్ష

స్వామి, అమాత్యుఁడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుఁడు ననునవి రాజ్యమునకు సప్తాంగములు. మన తెలుఁగునఁ గూడ బద్దెన, మడికి సింగన మొదలగు నీతిగ్రంథకర్తల వలన ఈ విభాగము ప్రసిద్ధము. స్వామియను నంగము పుచ్చిపోవుచుండఁగా తక్కిన యాఱు నెట్లు నిలిచినవో చూతము.

కోశము: 1183 ఫిబ్రవరిలో యెరూషలేమున సభ గూడి, దేశరక్షణకై సర్వజనసాధారణమైన పన్నొకటి విధించెను. ఆస్తిపై నూటి కొకటి, రాఁబడిపై నూటికి రెండు. జాతిమతభాషాభేదముగాని స్త్రీపురుషభేదముగాని లేదు. ఆ నిబంధన పాఠమును విలియము పూర్తిగా నెక్కించినాఁడు. దండము: రాజు పిలిచినపుడు సేన కదలెను, ఇది తుదివఱకుఁ దప్పలేదు. దుర్గము: యాకోబురేవు పోయినను కెరకు నిలిచెను. మిత్రుఁడు: కాన్‌స్టాంటినోపులు చక్రవర్తి మాన్యుయేలు 1180లో మరణించుటయు, 1182లో నా నగరమున లాటినుల యూచకోత జరుగుటయు ఈ యంగమును ద్రెంచివైచెను. ఇది రోగి యపరాధము కాదు. అమాత్యుఁడు: ఇక్కడనే పుండు పుట్టినది. రాజునకు సంతానము కలుగదని యందఱు నెఱుఁగుదురు. కావున రాజుగారి తల్లి యాగ్నెసు పక్షమొకటి, రేమండు పక్షమొకటి, సిబిల్లా నెవరు పెండ్లాడుదురో వారిదే రాజ్యమని ప్రాఁకులాడిరి. పూర్వాచార్యులు శంకించిన యమాత్యభయ మిదియే.

అయినను పూర్వాచార్యుల శంక సంపూర్ణముగా ఫలింపలేదు. ఎవరును రాజును జంపలేదు, దింపలేదు. సలాహుద్దీను కార్యదర్శియు, శత్రుపక్షమువాఁడును నగు ఇమాదుద్దీను, ఫ్రాంకులు తమ రాజు రోగమును లెక్కింపక యతనినే ప్రభువుగా నిలుపుకొనఁ గోరిరని యాశ్చర్యముతో వ్రాసినాఁడు. శత్రువు సాక్ష్యమున కెక్కువ విలువ. పాపరోగ మను భావము ఫ్రాంకులలో లేదనుటకు వీలు లేదు. 1181లో పోపు మూఁడవ అలెగ్జాండరు ఈ రోగమును దైవదండనగాఁ బేర్కొనుచు జాబు వ్రాసెను. దూరదేశమున నున్న ధర్మాధ్యక్షుఁడు పాపరోగి యనుకొన్నవానిని, దగ్గఱ నున్న ప్రజలు స్వామియనుకొనిరి. దేవాపి ప్రజలకును వీరికిని భేద మిది. కౌటిల్యుఁడు చెప్పిన పాపాపాపవివేకము రోగమునం దుండదు, చూచువారి మనస్సునం దుండునని దీనివలనఁ దేలుచున్నది.

రాజు దోషములను గూడఁ జెప్పవలయును. గై లూసిన్యానునకు 1180లో నక్కను గట్టఁబెట్టినది బాల్డ్వినే. పిదప నతనిని దొలఁగింపఁజూచినది నతఁడే. యెరూషలేమునకు బదులుగా తూరు నిమ్మని కోరఁగా గై నిరాకరించెను. రాజు ప్రతినిధిత్వము నూడఁబెఱికి, 1183 నవంబరు 20న నైదేండ్ల మేనల్లుని నైదవ బాల్డ్విను పేరఁ దనతో సహపట్టాభిషిక్తుని జేసెను. వివాహమును రద్దుచేయింపఁజూచెను. గై అష్కెలోను చేరి తలుపులు మూసికొనెను. రాజు దోలిలో నా కోటవాకిటికి వచ్చి పిలిచినను తలుపు తీయలేదు. 1184లో దూతలు పాశ్చాత్యరాజుల నాశ్రయించి, ఇంగ్లండు రాజు రెండవ హెన్రీకి రాజ్యమునే యప్పగింతుమనిరి, అతఁడు రాలేదు. చివరకు 1185లో రేమండును బాలరాజునకు సంరక్షకునిగా నియమించి, బాలుఁడు పదియేండ్లలోఁ జనిపోయినచో పోపును, చక్రవర్తియు, ఫ్రాన్సు, ఇంగ్లండు రాజులును వారసత్వము తేల్చునట్లు దొరలచేఁ బ్రమాణములు చేయించి, ఆ వసంతమున నిరువదినాలుగేండ్లైనను నిండీనిండకుండ మరణించెను.

నవరాజు

1186 వేసవిలో బాలరాజును మరణించెను. ప్రమాణములు గాలిఁ గలిసెను. సిబిల్లా కిరీటము ధరించి, తన చేతితో దానిని భర్త తలపైఁ బెట్టెను. గై రాజయ్యెను. పోయితూ దేశపు దొరవంశమున నొక చిన్నకొడుకు, దేశమున కాఱేండ్ల క్రిందట వచ్చినవాఁడు, సగము దొరలకుఁ గిట్టనివాఁడు. కౌటిల్యుని నవరాజలక్షణములలో నీతఁ డొకటియు విడువలేదు.

1187 జూలై మొదటిదినములలో సలాహుద్దీను తిబెరియ పట్టణమును ముట్టడించెను. ఫ్రాంకుసైన్యము నీరు సమృద్ధిగా నున్న సఫ్ఫూరియా వద్ద విడిసియుండెను. తిబెరియ రేమండు సొత్తు. కోటలో నున్నది యాతని భార్యయే. అయినను నీరు లేని బయలు గడచి పోవలదని యతఁడే వారించెను. రాజు సరేయనెను. నాఁటి రాత్రి టెంపులు సంఘాధిపతి జెరార్డు గుడారమునకు వచ్చి, రేమండు ద్రోహియని చెప్పి మనసు మార్చెను. గైని రాజుగా నిలిపినవారిలో జెరార్డు ముఖ్యుఁడు. తన్ను లేవనెత్తినవారు రాజ్యమును జెఱచుచున్నను నవరాజు సహించునన్న కౌటిల్యవాక్యార్థమున కింతకన్న లక్ష్యము కావలయునా? తెల్లవాఱఁగనే దండు కదలెను. జూలై 4న హత్తీను కొమ్ముల వద్ద దప్పిచేఁ గృశించిన సైన్యము సమూలముగా నశించెను; రాజు బందీ యయ్యెను. అక్టోబరు 2న యెరూషలేము సలాహుద్దీనున కధీనమయ్యెను.

గైకి న్యాయము చేయవలయునన్న నొకటి చెప్పవలయును. 1183 శరత్తులోఁ బ్రతినిధిగా నున్నపు డతఁడు శత్రువు నెదుట సేనను గదల్పక నిలిపి, యుద్ధము లేకయే సలాహుద్దీనును మరలఁజేసెను. సైనికదృష్టి కది సరియైనపనియే. కాని పిఱికియని యందఱు నిందించిరి, పదవి పోయినది. ఆ నింద మనసునఁ బెట్టుకొనియే నాలుగేండ్లకుఁ బోరాడెనేమో. 1183లో బాల్డ్విను యుద్ధము చేయకయే కెరకునుండి శత్రువును మరల్చినపు డెవరును పిఱికియనలేదు. ఒకే పనికి నొకని కిరీటము నిలిచెను, ఒకనికి మానము పోయెను. ప్రజలలో వేరు పాతుకొనుట యన నిదియే. గురువైన విలియము రేమండు పక్షపాతి గనుక నతని మాటలలోఁ గొంత తగ్గించుకొనవలయుననియు, బెర్నార్డు హామిల్టను 2000లోఁ బ్రకటించిన గ్రంథమున విమర్శించెను. తగ్గించుకొన్నను తీర్పు మాఱదు.

ఎదుటిపక్షమునను వ్యాధి యున్నది. 1185 చివర సలాహుద్దీనే హర్రానులో మంచమెక్కి మరణద్వారము వఱకుఁ బోయెను. తన కుమారులకుఁ గట్టుపడుఁడని దొరలచేఁ బ్రమాణములు చేయించెను. ఆయన కోలుకొనెను, బాల్డ్విను కోలుకొనలేదు. హత్తీనునకు వెనుక నిట్టి రెండు రోగశయ్య లున్నవని మఱవరాదు.

మన దేశపు నిదర్శనములు

కౌటిల్యుని తీర్పు కెదురుగా మన తెలంగాణమునందే యొక దృష్టాంత మున్నది. గోలకొండ సుల్తాన్ కులీ 1543లో హత్యచేయఁబడెను. అందుఁ గొడుకు జమ్షీదు చేయి కలదని చరిత్రకారులు చెప్పుదురు. జమ్షీదు అన్న కన్నులు తీయించి, సింహాసన మెక్కెను. తమ్ముఁడు ఇబ్రహీము విజయనగరమునకుఁ బాఱి అళియ రామరాయల యాశ్రయమున నేడేండ్లుండెను. జమ్షీదునకు బిజాపురపు సేనానితోడి పోరున ముఖమునకు ఘోరమైన గాయమయ్యెను. కడపట రాచపుండు వంటి మహావ్యాధి పట్టి, సుమారు రెండేండ్లు బాధపడి, 1550 జనవరిలో మరణించెను. రోగము ముదిరినకొలఁది కోపము ముదిరి, స్వల్పాపరాధములకే కఠినదండనలు విధించెనని పారసీక చరిత్రకారులు వ్రాసిరి. కొద్దినెలలు పసిబాలుని పేరఁ బాలన జరిగిన పిమ్మట, ఆ జూలైలో ఇబ్రహీము రాజై ముప్పదియేండ్లు దేశమును జక్కఁబెట్టెను. తెలుఁగుకవులు మల్కిభరాముఁడని కొనియాడిన యాతఁడే యితఁడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నితనికే యంకిత మిచ్చెను. ఇచట వ్యాధితుఁడు చెడుగు, నవుఁడు మేలు.

అయిన నిది తీర్పును గొట్టివేయుచున్నదా? కౌటిల్యుఁడు వ్యాధితుని మెచ్చినది వ్యాధికై కాదు; పూర్వప్రవృత్తమైన రాజకార్యము నతఁడు నడపించుననియే. జమ్షీదు మొదట నవరాజు, బలముచేఁ గొన్నవాఁడు, తరువాత వ్యాధితుఁడు. నిలుపుకొనఁదగిన పూర్వమర్యాదను తానే తెగఁగొట్టినవాఁడు. ఇబ్రహీమో, అభిజాతుఁడు, ప్రజలును నాయకవాడి సేనలును గోరి రప్పించుకొన్నవాఁడు. కావున నీ దృష్టాంతము సూత్రమును ద్రోయలేదు, దాని హేతువునకు మెఱుఁగు పెట్టినది.

ఇఁక వారసత్వమునకు వత్తము. బాల్డ్విను రాజ్యము కూలినది యతఁడు రోగియై యుండుటవలనఁ గాదు, అతని వెనుక రాఁదగినవాఁడు స్థిరపడకపోవుటవలన. మోతెకుఁ బడమటఁ, సూర్యాపేట దాఁటిన పిమ్మట, నకిరేకల్లు సమీపమునఁ జందుపట్ల యను గ్రామ మున్నది. అక్కడి శాసనము శాలివాహనశకము 1211, అనఁగా క్రీ.శ. 1289 మార్గశీరశుద్ధద్వాదశి నాఁటిది. కాకతి రుద్రమదేవియు, సేనాని మల్లికార్జుననాయకుఁడును శివలోకప్రాప్తు లైనందున వారికిఁ బుణ్యముగాఁ బువ్వుల ముమ్మడి యను భటుఁడు సోమనాథదేవునికి భూమి నిచ్చె నని యందున్నది. కాయస్థ అంబదేవుని తిరుగుబాటు నణఁచుటకై చేసిన దండయాత్రలో నామె మడిసెనని పండితు లూహించిరి. స్త్రీత్వమును గొందఱు సామంతు లామెకు వైకల్యముగా నెంచినవారే. మూఁడుదశాబ్దు లేలిన వార్ధకమున నామె దండుతోఁ గదలినదను నూహ బాల్డ్విను దోలిని దలపించును. కాని కొడుకులు లేని యా రాణి కూఁతురి కొడుకు ప్రతాపరుద్రుని మున్నే దత్తు గైకొని యువరాజుగా నిలిపియుండెను. ఆమె పోయిన దినమున నోరుగల్లునఁ గిరీటమునకై పెనఁగులాట లేదు. అంబదేవుఁ డణఁగెను, రాజ్యము 1323 వఱకు నిలిచెను. యెరూషలేము రెండేండ్లలోఁ గూలినది.

ఉపసంహారము

పండితునిగారి ప్రశ్నకు నా యుత్తర మిది. దేవాపికిఁ బట్టము గట్టియున్నచో, అతని చర్మము చేత రాజ్యము చెడియుండదు. అమాత్యులు ప్రమాణమునకుఁ గట్టుపడువారును, శంతనుఁడు నిశ్చితుఁడైన యువరాజును నైయున్నచో నిలిచియుండును. లేనిచో నారోగ్యవంతుఁడు రాజైనను నిలువదు. ప్రజ లతనిని బ్రేమించియు నడ్డగించుట రాజ్యమును గూర్చిన భయము గాదు, పాపరోగమును గూర్చిన భయము.

ఆ భయమునకు మూలము నేఁడు లేదు. నార్వేదేశీయుఁడు హాన్సెను 1873లో ఈ రోగమునకు సూక్ష్మజీవి కారణమని కనిపెట్టెను. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని 1915లో స్థాపించిన యాసుపత్రి వేలమంది తెలుఁగువారికి దిక్కయ్యెను. 1982 నుండి వాడుకలోనికి వచ్చిన సంయుక్తౌషధచికిత్సచే రోగము పూర్తిగా మానుచున్నది. స్మృతులలోని దాయానర్హతను 1928 నాఁటి శాసనము చాలవఱకును, 1956 నాఁటి హిందూవారసత్వశాసనము 28వ ప్రకరణము పూర్తిగాను దొలఁగించినవి. రోగము కారణముగా నేఁ డెవనికిని దాయభాగము పోదు. ఉద్యోగపర్వమును బాఠము చెప్పు పండితులు దేవాపి యడవికిఁ బోయిన ఘట్టముకడ నొక్కింత నిలిచి, దోలిలోఁ గెరకునకుఁ బోయిన యువకుని కథ గూడఁ బిల్లలకుఁ జెప్పినచో బాగుండునని మనవి.